అది పాము వెన్నెముక కాదమ్మా, చెట్టు వేరు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మహారాణిపేట. పాత ఇల్లు డెవలప్‌మెంటుకి ఇస్తున్నాం. సామాన్లు సర్దుతుంటే అటక మీద మావయ్యగారి ట్రంకు పెట్టెలో ఒక రాయి దొరికింది. ఆయన ఇల్లందు బొగ్గు గనుల్లో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, మూడేళ్ల క్రితం కాలం చేశారు. రాయి పిల్లల పలకంత ఉంటుంది, రెండు వేళ్ల మందం, బూడిద రంగు కలిసిన నలుపు. ఒక పక్క నాలుకల్లాంటి ఆకులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రెండో పక్క గళ్లు గళ్లుగా వెన్నుపూసల వరుసలాంటిది ఉంది. 1968 నాటి తెలుగు దినపత్రికలో చుట్టి ఉంది. ఆ కాగితం అంచున పెన్సిల్‌తో ఒక ఇంక్లైన్ (గనిలోకి దిగే ఏటవాలు దారి) నంబరు, పక్కన ‘రూఫ్ రాయి’ అని రాసి ఉంది. మా అత్తగారు ఇది నాగుపాము వెన్నెముక, దేవుడి గదిలో పెట్టి పసుపు కుంకుమ వేయాలంటున్నారు. మరిది వార్నిష్ కొట్టించి కొత్త ఫ్లాట్ హాల్లో గోడకి బిగిద్దామంటున్నాడు. ఇంటర్ చదివే మా అబ్బాయి, కాగితం వేరే దేనిదో అయి ఉంటుంది, ఇది కైలాసగిరి రాయే, వెళ్లి ఇంకా వెతుకుతానంటున్నాడు. తెలిసినవాళ్లొకరు కొంటామని కూడా అడిగారు. అసలిది ఏమిటి? ఎలా పెట్టుకోవాలి?

సమాధానం: అమ్మా, అన్నిటికన్నా ముందు రెండు మాటలు. వార్నిష్ డబ్బాను ఆ రాయి దగ్గరికి రానివ్వకండి. ఆ పాత పేపరు పారేయకండి, మడతలు పోవాలని ఇస్త్రీ కూడా చేయకండి. మీకు దొరికినవి రెండు వస్తువులు. రాయి ఒకటి, కాగితం మీది పెన్సిల్ రాత ఇంకొకటి. ఆ రాత పోతే రాయి విలువలో సగానికి పైగా పోయినట్టే. ఎందుకో చెబుతాను, ముందు రాయి సంగతి చూద్దాం.

మీరు ఉత్తరంతో పంపిన ఫొటోల్లో కనిపిస్తున్న ఆకులు గ్లాసోప్టెరిస్ అనే చెట్టువి. ఇవాళ భూమ్మీద ఎక్కడా లేని చెట్టు అది. ఫ్లాష్ ఎదురుగా పడడంతో కొన్ని చోట్ల ఈనెలు చెదిరిపోయాయి, అందుకని మీరే ఇంట్లో ఒకసారి చూసి ఖాయం చేసుకోండి. రాత్రిపూట బల్ల మీద మెత్తని తువ్వాలు పరిచి రాయిని పెట్టి, గదిలో లైట్లు తీసేయండి. సెల్‌ఫోన్ టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు బల్ల మట్టానికి దించి, వెలుగు రాతి మీద ఏటవాలుగా పాకేలా పట్టుకోండి. పగలు చదునుగా ఉన్నచోట ఈనెలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. బంగారప్పని వాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం సంపాదిస్తే ఇంకా మంచిది, కురుపాం మార్కెట్ దగ్గర నగల కొట్లలో అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

ఆకు మధ్యలో అడుగు నుంచి కొస దాకా గట్టి నడి ఈనె ఒకటి కనబడాలి. దానికి రెండు పక్కలా సన్నని ఈనెలు వంపు తిరుగుతూ అంచుల వైపు వెళ్తాయి. వెళ్తూ ఒకదానితో ఒకటి కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. ఆకంతా సన్నని అల్లిక అవుతుంది. తేడా తెలియాలంటే పక్కన ఒక మామిడాకు పెట్టుకోండి. మామిడాకులో నడి ఈనె నుంచి కాస్త లావుపాటి పక్క ఈనెలు ఎడం ఎడంగా బయల్దేరతాయి, వాటి మధ్య ఖాళీల్లో చిన్న ఈనెలుంటాయి. గ్లాసోప్టెరిస్‌లో ఆ పెద్దా చిన్నా తేడా లేదు, పక్క ఈనెలన్నీ ఒకే సన్నదనంలో నడుస్తాయి. నడి ఈనె స్పష్టంగా లేకుండా అల్లిక మాత్రమే ఉంటే అది గంగమోప్టెరిస్ అనే ఇంకో ఆకు అయ్యేది. మీ రాతి మీద నడి ఈనె తొడిమ దగ్గర వెడల్పుగా మొదలై కొసకి సన్నబడడం ఒక ఫొటోలో చక్కగా పడింది. గ్లాసోప్టెరిస్‌లోనే చాలా రకాలున్నాయి. వాటిలో ఇది ఏదన్నది ఆ అల్లికలోని గళ్ల పొడవు, వెడల్పు చూసి నిపుణులు తేల్చాలి.

ఇంకొకటి గమనించండి. ఆకు పడినచోట అక్కడక్కడా నల్లగా మెరిసే పల్చని పొర ఉంది. అది రంగు కాదు, మరక కాదు. ఆ ఆకులోని కర్బనమే అది, పాతిక కోట్ల ఏళ్లకు పైగా నలిగి బొగ్గై అక్కడే మిగిలింది. కొన్ని శిలాజాల్లో ఆకు పూర్తిగా పోయి దాని అచ్చు మాత్రం రాతిలో ఉంటుంది. మీ దాంట్లో ఆకు పదార్థమే కాస్త మిగిలింది. ఇలాంటి పొర నుంచి ఆకు పైతోలును రసాయనాలతో విడదీసి, దాని మీది కణాల గుర్తులను సూక్ష్మదర్శినిలో చదువుతారు. వేలితో రుద్దినా, తడిగుడ్డతో తుడిచినా లేచిపోయేంత పల్చన అది. వార్నిష్ వద్దని అంత గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే.

ఇక అత్తగారి నాగుపాము. రాయి రెండో పక్కన ఉన్నది గ్లాసోప్టెరిస్ చెట్టు వేరు. ఆవిడకి అలా అనిపించడంలో వింత ఏమీ లేదు. 19వ శతాబ్దంలో దీన్ని మొదట వర్ణించిన శాస్త్రవేత్తకీ వెన్నెముకే గుర్తొచ్చి వర్టిబ్రేరియా అని పేరు పెట్టారు. ఆకులూ వేర్లూ ఒకే రాళ్లలో పక్కపక్కనే దొరుకుతున్నా, అవి ఒకే చెట్టువని తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. ఆ గళ్లకి కారణం వేరు లోపలి కట్టుబడి. ఈ చెట్లు నీళ్లు నిలిచే బురద నేలల్లో పెరిగాయి. అలాంటి నేలలో వేళ్లకు గాలి అందదు. అందుకని వేరు మధ్యలో నిలువు కలప పట్టీలు, వాటిని కలుపుతూ అడ్డం పట్టీలు, వాటి నడుమ ఖాళీ గదులు ఏర్పడ్డాయి. వేరు బురదలో కూరుకుపోయి నలిగినప్పుడు ఆ గదులు మట్టితో నిండి చతురస్రాల వరుసల్లా మిగిలాయి. టార్చి వెలుగులో చూడండి, గళ్ల మధ్య ఒక నిలువు గీత, దానికి అటూ ఇటూ అడ్డగీతలు కనబడతాయి. ఒక పక్కనుంచి సన్నని పిల్లవేరు చీలి వెళ్లడం కూడా మీ మూడో ఫొటోలో ఉంది. వెన్నెముక ఎక్కడా కొమ్మలు వేయదు కదా. పాము వెన్నెముకే అయితే ప్రతి పూసకీ రెండు పక్కలా పక్కటెముకల ఆనవాళ్లు ఉండాలి, అవీ లేవు.

వీటన్నిటినీ మించిన రుజువు కాలం. గ్లాసోప్టెరిస్ బతికినది పర్మియన్ కాలం, అంటే సుమారు 29.9 కోట్ల నుంచి 25.2 కోట్ల సంవత్సరాల క్రితం వరకు. ఇప్పటిదాకా దొరికిన అతి పాత పాము శిలాజాలు 17 కోట్ల ఏళ్ల లోపువే. ఈ ఆకులు రాలేనాటికి భూమ్మీద పాములే లేవు.

ఆకులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయని రాశారు. అది కూడా గ్లాసోప్టెరిస్ స్వభావమే. అప్పట్లో మన నేల దక్షిణ ధ్రువానికి ఇప్పటికన్నా ఎంతో దగ్గరగా ఉండేది. ఈ చెట్లు చలికాలం వచ్చేసరికి ఆకులన్నీ రాల్చేసేవి. ఆ రాలిన ఆకులు, కూలిన మానులు, వేళ్లు బురదలో పోగుపడి, పొరల కింద నలిగి గోదావరి లోయలో బొగ్గయ్యాయి. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర ఆ బొగ్గును గుర్తించారు, 1889 నుంచి తవ్వకం సాగుతోంది. బొగ్గు పొర మీద తర్వాత వచ్చిపడిన సన్నని ఒండ్రు గట్టిపడి షేల్ రాయి అయింది. గని లోపల పనిచేసేవాళ్లకి తల మీద ఉండే కప్పు అదే, మీ మావయ్యగారు రాసిన ‘రూఫ్ రాయి’. ఆకుల అచ్చులు బాగా దొరికేది ఈ కప్పు రాతిలోనే. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో రూఫ్ భద్రంగా ఉందా లేదా అని చూసుకునే బాధ్యత కూడా ఉన్న మనిషి. రోజూ దీపం వెలుగులో కప్పు వైపు తలెత్తి చూసే ఆయనకి ఈ ఆకులు కనబడ్డాయంటే నాకు ఎంతో సహజంగా తోస్తోంది. కాగితం వేరే దేనిదో అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు. రాయే ఆ రాతను సమర్థిస్తోంది.

మీ అబ్బాయికి ఒక సంగతి చెప్పాలి. బాబూ, కైలాసగిరి మీద ఎంత వెతికినా ఇలాంటి ఆకు ఒక్కటి కూడా దొరకదు. కైలాసగిరి, సింహాచలం, యారాడ, డాల్ఫిన్స్ నోస్, ఈ కొండలన్నీ తూర్పు కనుమల రాళ్లు. ఎక్కువ భాగం ఖొండలైట్, కొన్నిచోట్ల చార్నొకైట్. భూమి లోపల ఎంతో లోతున విపరీతమైన వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాళ్లు అవి, వయసు దాదాపు వంద కోట్ల ఏళ్లు. ఆ వేడికి ఏ ఆకూ నిలవదు. పైగా ఆ రోజుల్లో నేల మీద ఆకులున్న మొక్కే పుట్టలేదు. ఆ కొండల్లో నీకు దొరికేది గార్నెట్, రాతిలో ఎర్రగా దానిమ్మ గింజంత మెరుస్తుంటుంది. అదీ చూడదగ్గదే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకి వెళ్తే చూసి రా, అక్కడినుంచి పిడికెడు మట్టి కూడా తేవద్దు. అది జాతీయ భూవారసత్వ స్థలం.

అయినా విశాఖ కొండలకీ మీ రాతికీ చుట్టరికం లేకపోలేదు. మన తూర్పు కనుమల రాళ్లకు సరిజోడు తూర్పు అంటార్కిటికా తీరంలో ఉంది. ఒకప్పుడు రెండూ ఒకే నేల. భారతదేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా కలిసి ఉన్న ఆ గోండ్వానా ఖండం మీదంతా గ్లాసోప్టెరిస్ అడవులే. ఇంత దూరదూరపు దేశాల్లో ఒకే ఆకు దొరకడం, ఇవన్నీ ఒకనాడు కలిసి ఉన్నాయనడానికి చూపించిన తొలి సాక్ష్యాల్లో ఒకటి. ఇవాళ మన పోర్టుల్లో ఉక్కు కర్మాగారం కోసం దిగే ఆస్ట్రేలియా బొగ్గు, పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రానికి ఒడిశా తాల్చేర్ నుంచి వచ్చే బొగ్గు, మీ మావయ్యగారి ఇల్లందు బొగ్గు, మూడూ ఆ అడవులవే.

ఇప్పుడు ఆ పెన్సిల్ రాత దగ్గరికి వస్తాను. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ కెప్టెన్ స్కాట్, ఆయన సహచరులు మంచులో ప్రాణాలు విడిచారు. ఆకలితో, అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో కూడా దాదాపు 16 కిలోల రాళ్లను బండి మీదే ఉంచుకుని లాక్కొచ్చారు. ఆ రాళ్లలో గ్లాసోప్టెరిస్ ఆకులున్నాయి. వాటిని బియర్డ్‌మోర్ హిమానీనదం ఒడ్డున మౌంట్ బక్లీ దగ్గర ఏరినట్టు బృందంలోని ఎడ్వర్డ్ విల్సన్ రాసి ఉంచారు. ధ్రువానికి అంత దగ్గరలో ఒకప్పుడు అడవి ఉండేదని ఆ రాళ్లతో చెప్పగలిగారంటే, వాటి చోటు రాసి ఉండబట్టే. ఆ రాత లేకపోతే అవి ఎక్కడివో తెలియని నల్లరాళ్లు. మీ మావయ్యగారు కాగితం అంచున రాసిన ఆ మూడు మాటలూ ఆ కోవలోవే. ఏ గని, గనిలో ఏ చోటు, రెండూ చెప్పేశారు. దుకాణాల్లో పాలిష్ పెట్టి అమ్మే శిలాజాల్లో చాలావాటికి ఈ భాగ్యం ఉండదు.

కాబట్టి రాయిని ఎక్కడ పెట్టాలా అని ఆలోచించే ముందు దాని చరిత్ర రాయండి. ఆ పని మీ అత్తగారి దగ్గర మొదలుపెట్టాలి. ఇంట్లో దీని గురించి చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కరే. ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చోండి. అత్తయ్యా, మనం ఏ ఏడు ఇల్లందులో ఉన్నాం, ఏ క్వార్టర్స్‌లో ఉన్నాం, మావయ్యగారు అప్పుడు ఏ గనిలో చేసేవారు, ఈ రాయి ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా, ఇంకా ఏమైనా తెచ్చారా, ఎవరికైనా ఇచ్చారా అని అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. ఆవిడ ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాయండి, సరిదిద్దవద్దు. తర్వాత మావయ్యగారి సర్వీసు కాగితాలు తీసి ఆ ఇంక్లైన్‌లో ఆయన ఏ ఏళ్లలో పనిచేశారో సరిచూడండి, పాత ఉత్తరాల్లోని చేతిరాతతో పెన్సిల్ రాతను పోల్చండి. పేపరు మీది తేదీ ఆ రోజుకి ముందు రాయిని దానిలో చుట్టలేదని మాత్రమే చెబుతుంది. రాయి దొరికిన ఏడాది అంతకన్నా పాతది కావచ్చు. అందుకని లేబుల్ మీద ‘1968’ అని మాత్రం రాసేయకండి, ‘1968 నాటి పత్రికలో చుట్టి దొరికింది’ అని రాయండి. పేపరు కాగితంలో ఆమ్లం ఉంటుంది, రాయికి తాకేలా ఉంచకూడదు. ఫొటో తీసి, మెల్లగా విప్పి, పారదర్శకమైన పాలిస్టర్ కవరులో విడిగా పెట్టండి. లామినేషన్ చేయించారో, ఇక దాన్ని వెనక్కి తీయలేరు.

పూజ సంగతి. ఆవిడ మాట కొట్టిపారేయకండమ్మా. శిలాజానికి చేతులు జోడించడం మన ఇళ్లకి కొత్త కాదు. గండకీ నది నుంచి వచ్చే సాలగ్రామాలు చాలావరకు అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజాలే, తరతరాలుగా అభిషేకాలు అందుకుంటున్నాయి. కాకపోతే సాలగ్రామం గట్టి రాయి, నీళ్లకీ పాలకీ తట్టుకుంటుంది. మీది షేల్, బంకమట్టి పొరల రాయి. తడి తగిలితే ఆ మట్టి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నాలుగు సార్లు అలా జరిగితే పొరలు పుస్తకంలా విడిపోతాయి, ఆకులు పెచ్చులుగా రాలతాయి. నూనె, పసుపు, కుంకుమ లోపలికి ఇంకితే మళ్లీ తీయలేం. ఆవిడకి ఇది పాము కాదని వాదించి ఒప్పించే పని పెట్టుకోకండి. మావయ్యగారు గని కప్పులోంచి తెచ్చిన చెట్టు ఇది, నీళ్లు తగిలితే రాలిపోతుంది అని చెబితే ఆవిడే కాపాడతారు. పువ్వు పెట్టాలనుకుంటే పెట్టె బయట పెట్టుకోమనండి.

పెట్టె అన్నాను. విశాఖలో ఇది తప్పనిసరి. మన ఊళ్లో గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ కాలం 70 శాతం పైనే ఉంటుంది. బొగ్గు పక్కన దొరికే షేల్‌లో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం సన్నని రవ్వలుగా ఉండే అవకాశం బాగా ఉంది. తేమ 60 శాతం దాటితే పైరైట్ గాలితో కలిసి విచ్చిపోతుంది, గంధకామ్లం పుడుతుంది. అది రాయిని లోపలినుంచి పగలగొడుతుంది, కింద ఉన్న లేబుల్ కాగితాన్ని కాల్చేస్తుంది. గుర్తులు తేలికే. రాతి మీద తెల్లని, లేక పసుపు కలిసిన పొడి పూస్తుంది, పెట్టె మూత తీస్తే గంధకం వాసన ఘాటుగా కొడుతుంది, కొత్త పగుళ్లు వస్తాయి. వార్నిష్ దీన్ని ఆపదు. పైన పొర మూసేసి లోపల జరిగేది కనబడకుండా చేస్తుంది, కొన్నేళ్లకి పసుపెక్కి ఈనెల్ని కూడా మింగేస్తుంది. ఇంతకాలం అటక మీద ట్రంకు పెట్టెలో ఉండి కూడా మీ రాయి మీద ఆ పొడి లేదంటే, మంచి స్థితిలో ఉన్నట్టే. ఇప్పుడు బయటికి తీశారు కాబట్టి జాగ్రత్త మీ మీద పడింది.

ఇంట్లో చేసుకోగలిగిన ఏర్పాటు చెబుతాను. యాక్రిలిక్ పని చేసేవాళ్ల దగ్గర మూత బిగుతుగా కూర్చునే పెట్టె చేయించండి, రాయి కన్నా అన్ని వైపులా నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ పెట్టెలు వద్దు, వాటి జిగురు, చెక్క నుంచి వచ్చే ఆవిర్లు మూసిన పెట్టెలో మంచివి కావు. రాయిని అంచు మీద నిలబెడితే బరువంతా పొరల కొసల మీద పడుతుంది, గోడకి వేలాడదీస్తే ఇంకా ప్రమాదం. కొంచెం ఏటవాలుగా పడుకోబెట్టండి. కింద ఫ్రిజ్‌లు, టీవీలు ప్యాక్ చేసే తెల్లని మెత్తటి ఫోమ్ షీటును రాయి ఆకారానికి గుంటగా కత్తిరించి పెడితే కదలదు. జిగురు ఎక్కడా వాడొద్దు, ఫెవికాల్ కూడా. పెచ్చు ఏదైనా ఊడితే చిన్న కవరులో వేసి ఎక్కడిదో రాసి పెట్టెలోనే ఉంచండి, అతికించే పని నిపుణులకు వదిలేయండి.

పెట్టె అడుగున కనబడని చోట సిలికా జెల్ సంచులు, పక్కన తేమ శాతం చూపే చిన్న డిజిటల్ మీటరు పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలు. మరీ ఎండగట్టడమూ షేల్‌కి మంచిది కాదు. నారింజ రంగు గింజల సిలికా జెల్ తీసుకోండి, తేమ పీల్చుకుని నిండగానే రంగు మారుతుంది. అప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. వానాకాలంలో తరచూ చూడాల్సి వస్తుంది. బాల్కనీ తలుపు పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలేచోట, వంటింటి గోడ మీద పెట్టకండి. ఏసీ వేసినప్పుడల్లా, తీసినప్పుడల్లా తేమ పైకీ కిందికీ ఊగుతుంది, పెట్టె బిగుతుగా ఉండాలన్నది అందుకే.

రెండు పక్కలా చూడదగ్గ రాయి కాబట్టి ఏ పక్క పైకి పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. నేనైతే ఆకుల పక్కే పైకి పెడతాను, ఆ నల్లని పొరకి ఫోమ్ రాపిడి తగలకూడదు. వేరు పక్కని మంచి ఫొటో తీయించి, అసలు సైజులో ప్రింటు వేయించి, పెట్టె పక్కన ఫ్రేమ్ కట్టించండి. దీపం విషయంలో మాత్రం ఖర్చుకి వెనకాడకండి. టార్చితో మీరు చూసిన అద్భుతం పైనుంచి పడే హాలు లైటుకి మాయమవుతుంది. పెట్టె బయట, ఒక పక్క అంచున, రాతి మట్టానికి కొద్దిగా పైన సన్నని ఎల్‌ఈడీ పట్టీ బిగించి స్విచ్ పెట్టించండి. ఇంటికి వచ్చినవాళ్లు ముందు మామూలు వెలుగులో ఒక నల్లరాయి చూస్తారు, మీ మరిది స్విచ్ వేయగానే ఈనెలు లేస్తాయి. గోడకి బిగించాలన్న ఆయన సరదా ఈ దీపంతో తీరుతుంది.

అబ్బాయికి ఇంకో సాయం చేస్తాను. శిలాజం అని వెతకడం మొదలుపెడితే అతనికి ముందుగా దొరికేవి నాపరాళ్ల మీది చెట్టు బొమ్మలు. సున్నపురాయి పలకల గచ్చుల్లో, మెట్ల మీద నల్లగా, గోధుమ రంగుగా ఫెర్న్ కొమ్మల్లా ఉంటాయి. అవి మొక్కలు కావు. రాతి పగుళ్లలోకి ఇంకిన నీళ్లు వదిలిన మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లు అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. భూతద్దంలో చూస్తే వాటికి నడి ఈనె ఉండదు, ఆకు అంచు ఉండదు, సాధారణంగా పగులు అంచు నుంచే మొదలై లోపలికి పాకుతాయి. నిజమైన మొక్కల శిలాజాలు చూడాలంటే మన వైపు రాజమండ్రి దగ్గర కాతేరు ఉంది. అక్కడ లావా పొరల మధ్య చిక్కుకున్న సున్నపు పొరల్లో కారా జాతి నాచు గింజలు ఉన్నాయి, వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. కంటికి చుక్కల్లా ఉంటాయి, భూతద్దంలో మెలికలు కనబడతాయి. ఎవరైనా లెక్చరర్‌తో వెళితేనే ప్రయోజనం. హైదరాబాద్ వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అస్థిపంజరం చూడమనండి. గోదావరి లోయలోనే, మావయ్యగారి బొగ్గు పొరలకన్నా కొత్త పొరల్లో దొరికిన డైనోసార్ అది.

కొంటామన్నవాళ్లకి వద్దని చెప్పేయండి. అమ్మిన రోజు రాయి ఒక చోటికీ, కాగితం ఇంకో చోటికీ, అత్తగారి మాటలు మూడో చోటికీ పోతాయి. మీ కుటుంబానికి ఎప్పటికైనా దీన్ని ఉంచుకోవడం కుదరకపోతే, మూడూ కలిపి ఏదైనా విశ్వవిద్యాలయ సేకరణకి ఇవ్వండి.

ఏ రకమో తేల్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగం మీకు ఆటో దూరం. ముందు రాయి తీసుకెళ్లకండి. పక్క వెలుగులో రెండు వైపులా ఫొటోలు తీయండి, ప్రతి ఫొటోలో రాయి పక్కన స్కేలు ఉండాలి. వాటితోపాటు కాగితం ఫొటో, అత్తగారు చెప్పినది రాసిన పేజీ పంపి, ఎవరు చూస్తారో ఏ రోజు రమ్మంటారో కనుక్కోండి. మొక్కల శిలాజాల కోసమే 1946లో బీర్బల్ సాహ్ని లక్నోలో నెలకొల్పిన సంస్థ ఉంది. అవసరమైతే మీ ఫొటోలను అక్కడి పరిశోధకులకు ఎలా చేర్చాలో కూడా విభాగంలోని వాళ్లే చెబుతారు. ఆకు పొరలోంచి చిన్న ముక్క కావాలని ఎవరైనా అడిగితే వెంటనే సరే అనకండి, కాదనీ అనకండి. ఎందుకు, ఎంత, ఏ చోటునుంచి తీస్తారు, ఫలితం మీకు ఎలా చెబుతారు అని అడిగి, రాసి ఇమ్మనండి.

రాయి తీసుకెళ్లే రోజు ఆకుల పక్కని పైకి ఉంచి, ఫోమ్ గుంటతో సహా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఆకుల మీద దూదిగానీ టిష్యూగానీ నొక్కి పెట్టొద్దు, నూలు చిక్కుకుని పొరని లేపుతుంది. డబ్బాని డిక్కీలో కాకుండా ఒళ్లో పెట్టుకోండి. అబ్బాయిని, వీలైతే అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి, అక్కడివాళ్లు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు ఆవిడ దగ్గరే ఉంటుంది.